ఆకుపచ్చ వల

గాజుపలక మీద ఇదాలినా వీపు ఉంది,
మెంతిగింజంత.
మిగతా ఇదాలినా బయట బల్ల మీద,
దుప్పటి ఒంటికి అంటకుండా
రెండు వేళ్లతో ఎత్తిపట్టుకుని కూర్చుంది.

కాంపో గ్రాండేలో మార్చి నెల.
కిటికీ అవతల మామిడికొమ్మ మీద
రెండు మకావ్ చిలకలు దేనికో తగాదా పడుతున్నాయి.
గదిలో దీపం ఆర్పి
మైక్రోస్కోపు మీదికి వంగాను.

చీకట్లో ఆకుపచ్చ వల.
ప్రతి కణం చుట్టూ వెలిగే గీత,
తేనెపట్టులా గదులు గదులుగా.
పదకొండేళ్లుగా చూస్తున్నాను,
ఇంత అందంగా ఉన్నందుకు
ప్రతిసారీ నాకే సిగ్గేస్తుంది.

వెలుగుతున్నవి ఆమె సొంత యాంటీబాడీలు.
కణాన్ని కణంతో పట్టి ఉంచే కొక్కేలను
వెతుక్కుంటూ పోయి అంటుకున్నాయి.
ఇక కొక్కెం ఊడుతుంది,
చర్మం ఉల్లిపొరలా లేస్తుంది.
ఇక్కడివాళ్లు దీన్ని అడవి నిప్పు అంటారు.
పొగ ఉండదు.
ఎండలో నిలబడితే రాజుకుంటుంది.
ఆమె పెద్దమ్మకి వచ్చినప్పుడు
బస్సువాడు సగం దారిలో దించేశాడట.
ఇల్లు చేరాక ఆమె చాపని, గిన్నెని
తనే తగలబెట్టుకుందట.

"నేనూ చూడొచ్చా, జురేమా?"
చూడమన్నాను.
చాలాసేపు చూసింది. ఊపిరికి అద్దం మసకబారింది.
"ఇది ఎర్మీనియో వల" అంది.
"పాకు చేపలకని మిరాండా ఏట్లో వేస్తాడు. కన్ను అచ్చం ఇంతే."
కాసేపాగి,
"దీన్నెవరు అల్లారు?"

ఎక్కణ్నుంచి మొదలుపెట్టను!
ఇసుకనేల, మట్టిగోడల ఇల్లు, పక్కనే వాగు.
ఏదో మునిమాపువేళ నువ్వు కసావా చెక్కు తీస్తుంటే
నువ్వుగింజంత ఈగ,
రెక్కలు పైకి నిక్కబెట్టుకుని
చీలమండ మీద వాలి ఉంటుంది.
నెత్తురు తాగుతూ కాస్త ఉమ్మి వదిలి ఉంటుంది.
ఆ ఉమ్మిని ఒక బి కణం చూసింది.
లింఫు గడ్డలో కూర్చుని, నెలల తరబడి,
దొంగ బొమ్మ గీసి చెరిపి, గీసి చెరిపి,
పోలిక దిద్దుతూ పోయింది.
పక్కన ఒక టి కణం నిలబడి
"అవునవును, వాడే" అని తలూపింది.
దిద్దగా దిద్దగా ఆ బొమ్మ
నీ చర్మంలోని కొక్కేనికి సరిపోయింది.

ఈగేనని నేను ఒట్టు వేయలేను.
పెద్దవాళ్లు అలా అనుకుంటున్నారు, అంతే.
మీ ఊళ్లో అది కుట్టని కాలు లేదు,
నిప్పు అంటింది ముగ్గురికే.
మిగతా ఒళ్లలో అదే కణం
ఎందుకు బొమ్మ చింపేసి ఊరుకుందో
ఎవరికీ తెలియదు.

కంచే చేను మేసిందంటారు దీన్ని.
నాకా మాట నచ్చదు.
మేసే కంచెకి ఆకలైనా ఉండాలి.
వీటికి ఆకలి లేదు, కసి లేదు.
రాత్రంతా గుమ్మంలో మేలుకుని
తెల్లవారి ఇంటావిడ తలుపు తీస్తే
దొంగ దొంగ అని కర్రెత్తినవాడికి
ఏం శిక్ష వేస్తాం?

వేస్తాం. రేపే.
సెలైన్ సీసాలోంచి చుక్కచుక్కగా మందు దిగి
బి కణాలను ఏరేస్తుంది,
తప్పు చేసినవాటినీ చేయనివాటినీ కలిపి.
ఎముక మూలుగలో దాక్కున్న
ముసలి ప్లాస్మా కణాల జోలికి మాత్రం పోదు.
నీ చిన్నప్పటి టీకాల లెక్క
చాలావరకు వాటి దగ్గర భద్రం.
కొత్త జ్వరాలకే కొన్నాళ్లు గుమ్మంలో ఎవరూ ఉండరు.

"తప్పు మనిషిని పట్టుకున్నార్రా అని
వాటికి చెప్పేవాళ్లే లేరా లోపల?"
ఉన్నారు. టి కణాల్లోనే ఒక రకం,
సర్దిచెప్పడమే వాటి పని.
కొద్దిమందే. అరుపుల్లో వినపడరు.
ఇదాలినా నవ్వింది.
పెదవి మీద పొక్కు చిట్లి, ఆపుకుంది.
"మా ఊరి పంచాయితీ కూడా అంతే."

ఆమె మళ్లీ వంగి చూసేసరికి
గీతలు పలచబడ్డాయి.
ఎక్కువసేపు వెలుగు పడితే
ఆ పచ్చ వెలిసిపోతుంది.
"తగ్గుతోంది, చూడు!" అంది.
గాజుపలక మీదేనని
చెప్పాలి నేను.
చిలకలు ఎగిరిపోయేదాకా
చెప్పలేదు.